అప్‌రైట్ బేస్‌కి పికప్: ఏది తీసుకోవాలి, ఎలా బిగించాలి (తరచుగా అడిగే ప్రశ్నలు)

ముందు ఒక మైక్ పెట్టుకుంటే సరిపోదా, పికప్ ఎందుకు?

డ్రమ్స్ లేకుండా, చిన్న గదిలో, మానిటర్ స్పీకర్ లేకుండా వాయిస్తుంటే మైకే మంచిది, బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయోలిన్ లాంటి నాలుగు తీగల వాయిద్యం) అసలు గొంతు మైక్‌లోనే వస్తుంది, అందులో రెండో మాట లేదు. కానీ పక్కన డ్రమ్స్ పడ్డాయంటే ఆ మైక్‌లోకి బేస్ కన్నా సింబల్సే ఎక్కువ దూరతాయి, సరే పెంచుదాం అని ఫేడర్ (మిక్సర్ మీద సౌండ్ పెంచే మీట) ఎత్తితే బేస్ వినపడే లోపే కూత, అంటే ఫీడ్‌బ్యాక్ మొదలవుతుంది. పికప్ గాలిలోంచి వినదు, చెక్క అదురునో తీగ కదలికనో పట్టుకుంటుంది, అందుకని పక్కవాళ్ల సౌండ్ పెద్దగా రాదు. ఇది ఇవాళ్టి బాధ కూడా కాదు, ఆంపెగ్ కంపెనీ 1940ల్లో మొదలైందే బేస్ కింద నేలకి ఆనే కడ్డీ, అంటే ఎండ్‌పిన్ మీద, పెట్టె లోపలికి మైక్ పెట్టే ఐడియాతో. అప్పట్నుంచీ అందరూ వెతుకుతున్నది ఒకటే, బేస్ బేస్‌లాగే వినపడాలి, కాకపోతే పెద్దగా.

ఎన్ని రకాలున్నాయి?

ఎక్కువమంది వాడేది పీజో. పీజో అంటే నొక్కినా అదిరినా చిన్న కరెంట్ పుట్టించే ముక్క, దాన్ని బ్రిడ్జ్ (తీగల్ని పైచెక్క మీద ఎత్తిపట్టే నిలువు చెక్క) మీద ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టే రకాలు. బ్రిడ్జ్ రెండు పక్కలా రెక్కల్లా ఉంటాయి కదా, ఆ రెక్క కింది సందులో దూర్చేవి ఒక రకం (అండర్‌వుడ్, కె అండ్ కె బేస్ మ్యాక్స్ లాంటివి). బ్రిడ్జ్ పాదం కింద పరిచేవి ఇంకో రకం, రియలిస్ట్ ఇలాంటిదే. ఎత్తు సరిచేసే అడ్జస్టర్ చక్రంలోనే ఇమిడిపోయేవి మూడోది, ఫిష్‌మన్ ఫుల్ సర్కిల్ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. ఇవి కాక ఎర్లండ్ లాంటివి మెత్తటి పుట్టీతో చెక్కకి అంటించుకునేవి, బార్బెరా లాంటివి ఏకంగా బ్రిడ్జ్‌నే మార్చి ఒక్కో తీగ కింద విడిగా సెన్సర్లు పెట్టేవి.

రెండోది మాగ్నెటిక్, ఎలక్ట్రిక్ గిటార్‌లో ఉండే లాంటిదే, ఫింగర్‌బోర్డ్ (వేళ్లతో తీగ నొక్కే పొడుగు చెక్క) చివర తీగల కింద కూర్చుంటుంది. ఫీడ్‌బ్యాక్ చాలా తక్కువ, పొడవుగా మోగే గట్టి నోట్ వస్తుంది, కానీ చెక్క వాసన తగ్గుతుంది, ఎలక్ట్రిక్ బేస్ వైపు జరుగుతుంది. ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి, తీగ లోపల స్టీల్ ఉంటేనే ఇది పనిచేస్తుంది. గట్ (జంతువుల పేగుతో చేసిన) తీగలకి గానీ నైలాన్ లాంటి సింథటిక్ కోర్ తీగలకి గానీ పనికిరాదు, పైన చుట్టిన లోహాన్ని బట్టి కొన్నిటికి కాస్త వచ్చినా తీగ తీగకీ సౌండ్ ఎగుడుదిగుడుగా వస్తుంది.

మూడోది క్లిప్ మైక్, డీపీఏ 4099 లాంటిది, బేస్‌కే బిగించే చిన్న మైక్. దీని గురించి కింద విడిగా రాశాను.

అయితే నేనేది కొనాలి?

మీరు ఎక్కడ వాయిస్తారు, ఎంత సౌండ్ మధ్య వాయిస్తారు, బో (కమాను) వాడతారా, ఈ మూడూ ముందు తేల్చుకోండి, బ్రాండ్ పేరు ఆ తర్వాత. సాఫ్ట్ జాజ్, వేళ్లతో మాత్రమే, చిన్న యాంప్ అయితే పాదం కింద పెట్టేది బాగుంటుంది, మెత్తగా గుండ్రంగా వస్తుంది, కానీ పెద్ద స్టేజ్ మీద అదే మెత్తదనం బురదలా అయిపోయి ఏ నోట్ ఏదో తెలీదు. నోట్ మొదలు స్పష్టంగా తెలియాలి, డ్రమ్స్ మధ్యలోంచి దూసుకురావాలి అంటే రెక్క సందులో పెట్టేది. రెండిటికీ మధ్యలో ఉండేది అడ్జస్టర్ రకం, ఒక్కటే కొని అన్నిచోట్లా వాడుకోవాలనుకునే వాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే, ఎందుకంటే ఒకసారి సరిగ్గా బిగిస్తే మళ్లీ కదలదు, రేపు ఒకలా ఎల్లుండి ఒకలా వినపడదు. రాక్ బ్యాండ్‌తో బాగా గట్టిగా అయితే మాగ్నెటిక్, లేదా మాగ్నెటిక్‌తో పాటు పీజో.

ఒక్కమాట మాత్రం నొక్కి చెప్తాను. ఖరీదైన పికప్‌ని వదులుగా బిగించి ఏదో ఒక ఇన్‌పుట్‌లో పెట్టినదానికన్నా, మామూలు పికప్‌ని సరిగ్గా కూర్చోబెట్టి సరైన ప్రీయాంప్‌లో (యాంప్ కన్నా ముందు సిగ్నల్‌ని సరిచేసే పెట్టె) పెట్టింది ఎప్పుడూ బాగుంటుంది. ఫలానా పికప్ బాలేదు అని చెప్పేవాళ్లని కాస్త అడిగి చూస్తే చాలాసార్లు ఈ రెండిట్లో ఒకటి బయటపడుతుంది.

రెక్క సందులో పెట్టేదాన్ని ఎలా బిగించాలి?

చూడ్డానికి ఇదే తేలిక, దూర్చేస్తే అయిపోయింది అనిపిస్తుంది, కానీ సౌండ్ మొత్తం ఆ దూర్చడంలోనే ఉంది. సందు వెడల్పు ఏ రెండు బ్రిడ్జ్‌లకీ ఒకేలా ఉండదు, పైగా చెయ్యి పట్టి కోసిన బ్రిడ్జ్ అయితే లోపలి గోడలు సమంగా కూడా ఉండవు, ఒక మూల తగిలి ఇంకో మూల గాలిలో ఉంటుంది. పీజో ముక్క రెండు ముఖాలూ చెక్కకి పూర్తిగా ఆనాలి. సందు వెడల్పుగా ఉంటే పలచటి మేపుల్ చెక్క ముక్క షిమ్‌గా, అంటే సందు నింపడానికి పెట్టండి, కార్క్ పెడితే మెత్తగా వస్తుంది, విజిటింగ్ కార్డ్ మందం అట్ట కూడా తాత్కాలికంగా సరిపోతుంది. సందు ఇరుగ్గా ఉంటే పికప్‌ని గుద్ది దూర్చొద్దు, రెక్క విరిగిందంటే కొత్త బ్రిడ్జే, అసలుకే మోసం. సన్న గరుకు కాయితాన్ని చదునైన బద్దకి చుట్టి కొంచెం కొంచెం రాపాడి, మధ్యమధ్యలో పెట్టి చూస్కోండి.

ఎంత బిగువు అంటే, రెండు వేళ్లతో పట్టుకుని కాస్త బలంగా లాగితే రావాలి, ఊరికే ఊపితే కదలకూడదు. మరీ బిగువైతే సౌండ్ గట్టిగా, పిండేసినట్టు, పైసౌండ్ గుచ్చుకుంటూ వస్తుంది. వదులైతే కింది నోట్స్ బలం పోతుంది, గట్టిగా లాగినప్పుడు చిటచిట అంటుంది. ఒక వెంట్రుక మందం తేడా కూడా చెవికి తెలుస్తుంది, కాబట్టి యాంప్ ఆన్ చేసుకునే ఈ పని చెయ్యండి.

ఏ వైపు పెట్టాలని కూడా అడుగుతారు. లావు తీగ పక్కన, అంటే ఈ-స్ట్రింగ్ వైపు పాదం కింద బేస్ బార్ (పైచెక్క లోపల అంటించిన పొడుగు బద్ద) ఉంటుంది, అక్కడ సౌండ్ నిండుగా ఉంటుంది. సన్న తీగ జీ వైపు పాదం దగ్గర సౌండ్‌పోస్ట్ (పెట్టె లోపల నిలువుగా ఉండే చిన్న కర్ర) ఉంటుంది, అక్కడ నోట్ చురుగ్గా పలచగా ఉంటుంది. మామూలుగా లావు తీగ వైపే మొదలుపెట్టి, జీ స్ట్రింగ్ మరీ వెనకబడితే అటు మార్చి చూడండి. రెండు ముక్కలున్న పికప్ అయితే రెండువైపులా పెడతారు, తీగల మధ్య బ్యాలెన్స్ బాగుంటుంది.

పాదం కింద పెట్టేది నేనే పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ కంగారు పడితే నష్టం పెద్దది. బేస్ మీద నాలుగు తీగలూ కలిపి వంద కిలోల పైనే లాగుతుంటాయి, ఆ ఒత్తిడే లోపల సౌండ్‌పోస్ట్‌ని నిలబెడుతుంది, ఎందుకంటే అది జిగురుతో అంటించింది కాదు, ఊరికే రెండు చెక్కల మధ్య ఇరుక్కుని ఉంటుంది. తీగలన్నీ పూర్తిగా వదిలేస్తే అది లోపల పడిపోవచ్చు, అప్పుడు దాన్ని నిలబెట్టడానికి లూథియర్ (తీగ వాయిద్యాలు బాగుచేసే మనిషి) దగ్గరికి వెళ్లాల్సిందే.

కాబట్టి ముందు పాదాల చుట్టూ మెత్తటి పెన్సిల్‌తోనో, వార్నిష్‌కి పడే టేపుతోనో గుర్తు పెట్టుకోండి. బేస్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, టెయిల్‌పీస్ (తీగల కింది చివర్లు తగిలించే ముక్క) కింద మడిచిన తువ్వాలు పెట్టండి, జారి పడినా పైచెక్క గీరుకుపోదు. నాలుగు తీగల్నీ కొంచెం కొంచెంగా, సమానంగా వదులు చెయ్యండి, పాదం ఒక పక్క ఎత్తితే పికప్ రేకు దూరేంత చాలు. సాధారణంగా లావు తీగ వైపు పాదం కిందే పెడతారు. దూర్చాక పాదం మొత్తం రేకు మీద సమంగా కూర్చుందో లేదో టార్చ్ వేసి అంచుల చుట్టూ చూడండి, ఎక్కడన్నా వెలుతురు సన్నగా కనపడితే అక్కడ ఆనలేదన్నమాట.

మళ్లీ బిగించేటప్పుడు చాలామంది మర్చిపోయేది బ్రిడ్జ్ వాలడం. తీగ బిగిసేకొద్దీ బ్రిడ్జ్ పైభాగాన్ని ఫింగర్‌బోర్డ్ వైపు లాగుతుంది, దాన్ని అలాగే వదిలేస్తే కొన్నాళ్లకి వంగిపోతుంది, ఒక్కోసారి ధడేల్‌మని పడిపోతుంది. టెయిల్‌పీస్ వైపున్న ముఖం పైచెక్కకి నిట్టనిలువుగా ఉండాలి, పాదాలు ఎఫ్ హోల్స్ (పైచెక్క మీది f ఆకారపు రంధ్రాలు) లోపలి గాట్ల వరసలో ఉండాలి. రెండు చేతుల్తో పట్టుకుని మధ్యమధ్యలో సరిచేస్తూ బిగించండి. రేకు మందం వల్ల ఆ వైపు తీగలు ఒక పిసరు ఎత్తు పెరుగుతాయి, అడ్జస్టర్లు ఉంటే దించుకోండి.

అడ్జస్టర్ రకం?

ఇది లూథియర్‌కి ఇవ్వండి. మీ బ్రిడ్జ్‌కి ఇప్పటికే అడ్జస్టర్లు ఉంటే, థ్రెడ్ సైజ్ కలిస్తే పాత చక్రం తీసి కొత్తది పెట్టడమే, కానీ కొనేముందు ఆ సైజ్ కొలిపించుకోండి. పావు అంగుళం, 6 మిల్లీమీటర్లు చూపుకి ఒకలాగే ఉంటాయి గానీ ఒకదాంట్లో ఒకటి దిగదు, బలవంతం చేస్తే పాదంలో మర పాడవుతుంది. అడ్జస్టర్లే లేకపోతే బ్రిడ్జ్ కాళ్లు కోసి రంధ్రాలు వెయ్యాలి, అవి ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే చక్రం తిరగదు, ఇంట్లో డ్రిల్ పట్టుకుని చేసే పని కాదు.

వైర్, జాక్ ఎక్కడ పెట్టాలి?

చిన్న విషయమే గానీ ప్రాణం తీసేది ఇదే. పీజో నుంచి వచ్చే వైర్ సన్నగా ఉంటుంది, ముక్క దగ్గర అతుకులో తెగితే చాలా పికప్‌లు ఇక పనికిరావు. జాక్‌ని టెయిల్‌పీస్‌కి గట్టిగా బిగించండి, మధ్యలో వైర్‌కి కాస్త వదులు ఇవ్వండి, ఎవరైనా కేబుల్ తొక్కినా ఆ లాగుడు జాక్ మీద పడాలి, పీజో మీద కాదు. వైర్ పైచెక్కకి ఎక్కడా తగలకూడదు, తగిలితే ఏదో ఒక నోట్ దగ్గర బుర్రుమంటుంది, మీరేమో పికప్ పోయిందనుకుని తల పట్టుకుంటారు.

ప్రీయాంప్ తప్పనిసరా? నేరుగా మిక్సర్‌లో పెడితే ఏమవుతుంది?

సౌండ్ వస్తుంది, కానీ బేస్ రాదు. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే పీజో పేరు చెడిపోయిందే దీనివల్ల. పీజో ఎలక్ట్రికల్‌గా ఒక చిన్న కెపాసిటర్ లాంటిది, దాన్ని ఏ ఇన్‌పుట్‌కి కలిపితే ఆ ఇన్‌పుట్ రెసిస్టెన్స్‌తో కలిసి కింది సౌండ్‌ని కోసేసే ఫిల్టర్ అవుతుంది. ఒక నానోఫారడ్ ఉన్న పీజో అనుకోండి. 50 కిలోఓమ్‌ల మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే దాదాపు 3200 హెర్ట్జ్ కింద అంతా తగ్గుతూ పోతుంది. రేడియల్ జేడీఐ లాంటి పాసివ్ డీఐ బాక్స్‌లో (కరెంట్ అక్కర్లేకుండా వాయిద్యం సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే పెట్టె) ఇన్‌పుట్ 140 కిలోఓమ్‌లు, అక్కడ 1100 హెర్ట్జ్ దగ్గర్నుంచి తగ్గుడు మొదలు. ఒక మెగాఓమ్‌లో 160, పది మెగాఓమ్‌లలో 16. బేస్ లావు తీగ ఊరికే మీటితే వచ్చేది 41 హెర్ట్జ్. అంటే ఒక మెగాఓమ్ ఇచ్చినా ఈ లెక్కలో ఆ నోట్ అడుగుబలం నాలుగో వంతుకి పడిపోతుంది, పది మెగాఓమ్‌లు ఇస్తేనే నిండుగా వస్తుంది. అన్ని పీజోలూ ఇంత చిన్న కెపాసిటర్లు కావు, కొన్నిటికి ఒక మెగాఓమ్ హాయిగా సరిపోతుంది, కానీ పది ఇస్తే ఏ పీజోకీ నష్టం లేదు.

ఎల్ ఆర్ బ్యాగ్స్ పారా డీఐ ఇన్‌పుట్ పది మెగాఓమ్‌లు, రేడియల్ పీజెడ్-డీఐలో స్విచ్‌తో పది దాకా మార్చుకోవచ్చు. మీ దగ్గరున్న యాంప్‌కే ఒక మెగాఓమ్ పైన ఉంటే ముందు దాంతోనే విని చూడండి, అవసరమైతేనే ఇంకోటి కొనండి.

కేబుల్ కూడా పొట్టిగా ఉండాలి. మాగ్నెటిక్ పికప్‌కి పొడుగు కేబుల్ వేస్తే పైసౌండ్ పోతుంది, పీజోకి అలా కాదు, మొత్తం సౌండే తగ్గుతుంది. మీటర్‌కి సుమారు వంద పీకోఫారడ్లు అనుకుంటే అయిదు మీటర్ల కేబుల్‌తో ఇందాకటి పీజో సిగ్నల్ మూడింట రెండొంతులకి దిగుతుంది. ప్రీయాంప్ దాకా పొట్టి కేబుల్, ఆ తర్వాత ఎంత పొడుగైనా ఫర్వాలేదు.

సౌండ్ ముక్కుతో మాట్లాడినట్టు, టక్కుటక్కుమంటూ వస్తోంది, ఏం చెయ్యాలి?

ముందు పైన చెప్పిన ఇన్‌పుట్ సంగతి, తర్వాత బిగువు సంగతి చూడండి. ఆ రెండూ సరిగ్గా ఉంటే అప్పుడు ఈక్యూ (పైసౌండ్, కిందిసౌండ్ విడివిడిగా పెంచి తగ్గించేది). పైసౌండ్‌ని 3, 4 కిలోహెర్ట్జ్ పైన నెమ్మదిగా దించండి, వేలి గీరుడు తగ్గుతుంది. 700 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య ఎక్కడో ఆ ముక్కు సౌండ్ ఉంటుంది, అక్కడ కొంచెం తియ్యండి, మరీ తీస్తే బ్యాండ్‌లో బేస్ మాయమైపోతుంది. ఈక్యూ బ్యాండ్ మొత్తం మోగుతున్నప్పుడే చెయ్యాలి, ఒంటరిగా విన్నప్పుడు అద్భుతంగా ఉన్న సెట్టింగ్ డ్రమ్స్ పడగానే ఎటు పోతుందో తెలీదు.

ఫీడ్‌బ్యాక్ ఆగట్లేదు.

బేస్ అంటేనే పెద్ద ఖాళీ పెట్టె, స్పీకర్ సౌండ్ దాన్ని కొడితే పైచెక్క అదురుతుంది, ఆ అదురు బ్రిడ్జ్‌కి, బ్రిడ్జ్ నుంచి పికప్‌కి, మళ్లీ స్పీకర్‌కి. కాబట్టి ముందు మీరు నిలబడే చోటు మార్చండి, యాంప్ నేరుగా పైచెక్కని చూడకూడదు, పక్కకి పెట్టి రెండడుగులు జరిగినా చాలా తేడా ఉంటుంది. తర్వాత హై పాస్ ఫిల్టర్, అంటే ఒక హద్దు కింది సౌండ్‌ని కోసేసేది, దాన్ని 40 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి నోట్స్ పలచబడేదాకా పైకి తెచ్చి కొంచెం వెనక్కి రండి. కింద పోయేది ఎక్కువగా గుడగుడే, స్టేజ్ ఒక్కసారిగా శుభ్రపడుతుంది. ప్రీయాంప్ మీద ఏ ఒక్క సదుపాయమో ఎంచుకోమంటే నేను ఇదే ఎంచుకుంటాను.

ఫేజ్ స్విచ్ (సిగ్నల్‌ని తలకిందులు చేసేది) ఉంటే అటూ ఇటూ వేసి చూడండి, ఏది నిశ్శబ్దంగా ఉంటే అది. ఒకే ఒక్క నోట్ దగ్గర కూత పెడుతుంటే నాచ్ ఫిల్టర్‌ని ఆ నోట్ మీదకి తెచ్చి సన్నగా కొయ్యండి. ఇన్ని చేశాక కూడా ఉంటే ఎఫ్ హోల్స్‌లో ఫోమ్ ముక్కలు పెట్టుకోవచ్చు, బ్రిడ్జ్‌కీ టెయిల్‌పీస్‌కీ మధ్య తీగల్లో గుడ్డ అల్లితే అక్కడి మోత తగ్గుతుంది. ప్లైవుడ్ బేస్‌లు పెద్ద సౌండ్‌లో కొంచెం నెమ్మదస్తులు, చెక్కిన పైచెక్క ఉన్నవి త్వరగా కూస్తాయి.

బో వాడతాను, పీజోతో కీచుమంటోంది.

బో సౌండ్‌లో పైస్వరాలు చాలా ఎక్కువ, పీజో వాటిని కరకరలాడిస్తుంది, రెక్క సందులో పెట్టేవాటిలో ఇది మరీ ఎక్కువ. పాదం కింద పెట్టేది, అడ్జస్టర్‌ది కొంత మేలు. బో మీకు ముఖ్యమైతే కొనేముందు బోతోనే వాయించి చూడండి, వేళ్లతో నచ్చిన పికప్ బోతో నచ్చుతుందని ఏమీ లేదు. బోకి విడిగా ఒక సెట్టింగ్, పైసౌండ్ బాగా దించి పెట్టుకుంటే స్టేజ్ మీద సుఖం.

స్లాప్ (తీగని లాగి ఫింగర్‌బోర్డ్‌కి కొట్టేలా) వాయిస్తాను.

మీకు రెండు పికప్‌లు కావాలి, నోట్‌కి బ్రిడ్జ్ దగ్గర ఒకటి, తీగ ఫింగర్‌బోర్డ్‌కి తగిలే చప్పుడుకి ఫింగర్‌బోర్డ్ దగ్గర ఇంకోటి. కె అండ్ కె రాకబిల్లీ సెట్లు ఇలాగే వస్తాయి. రెండిటికీ విడి వాల్యూమ్ ఉన్న ప్రీయాంప్ తీసుకోండి, చప్పుడు ఎంత కలపాలన్నది ప్రతి హాల్లోనూ మారుతుంది.

మైక్, పికప్ రెండూ కలపొచ్చా?

కలపొచ్చు, కుదిరితే దీన్ని మించింది లేదు. పికప్‌ని కిందికి, మైక్‌ని పైకి వాడండి, మైక్‌లో 200, 250 హెర్ట్జ్ కింద కోసేస్తే ఫీడ్‌బ్యాక్ సగం తగ్గుతుంది, చెక్క గాలి మాత్రం మిగులుతుంది. రెండూ కలిపినప్పుడు సౌండ్ పలచబడితే ఒకదాని ఫేజ్ తిప్పండి. మైక్ 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే సౌండ్ అక్కడికి దాదాపు 0.9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, అప్పుడు 550, 600 హెర్ట్జ్ దగ్గర రెండూ కొట్టుకుని ఒక గుంట పడుతుంది. మైక్‌ని చెక్కకి దగ్గరగా జరపండి, లేదా డిజిటల్ మిక్సర్ ఉంటే పికప్‌కి అంత డిలే ఇవ్వండి.

హమ్ (గుయ్యిమనే కరెంట్ మోత) వస్తోంది, తీగ ముట్టుకుంటే తగ్గుతోంది.

షీల్డింగ్ (బయటి కరెంట్ మోత లోపలికి రాకుండా ఆపే తొడుగు) సరిగ్గా లేదని అర్థం. ముందు కేబుల్ మార్చి చూడండి, తర్వాత జాక్ లోపల అతుకులు, ఆ తర్వాత వేరే ప్లగ్ పాయింట్. కొన్ని బేస్‌లకి టెయిల్‌పీస్ దగ్గర తీగల చివర్ల నుంచి జాక్ గ్రౌండ్‌కి సన్న వైర్ వేస్తే తగ్గుతుంది, లోహం ఉన్న తీగలకి మాత్రమే ఇది. యాంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసెయ్యడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు, మీ చెయ్యి తీగ మీద ఉంటుంది, ప్రాణంతో చెలగాటం.

పికప్ పెడితే యాంప్ లేకుండా వాయించినప్పుడు సౌండ్ మారుతుందా?

కొంచెం మారుతుంది. బ్రిడ్జ్ మీద ఏ బరువు పెట్టినా మ్యూట్ పెట్టినట్టే, పైసౌండ్ కాస్త మూసుకుంటుంది. రెక్క సందులో బిగువుగా పెట్టినా రెక్క కదలిక తగ్గుతుంది. జాక్‌ని బ్రిడ్జ్‌కి కాకుండా టెయిల్‌పీస్‌కి బిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది. రికార్డింగ్‌కో పూర్తిగా అకూస్టిక్ కచేరీకో వెళ్తుంటే రెక్క సందులోది తీసి వెళ్లండి, పాదం కిందదీ అడ్జస్టర్‌దీ అలా ఉండనివ్వండి.

పుట్టీతో అంటించేది వార్నిష్‌ని పాడుచేస్తుందా?

పికప్‌తో వచ్చిన పుట్టీ మామూలుగా ఏమీ చెయ్యదు. పాత బేస్‌ల మీది స్పిరిట్ వార్నిష్ మాత్రం సున్నితం, వేడికి మెత్తబడుతుంది. రెండువైపులా అంటుకునే టేప్ వాడొద్దు, తీసేటప్పుడు వార్నిష్‌తో సహా వస్తుంది. అంత పాత బేస్ అయితే పైచెక్క మీద కాకుండా బ్రిడ్జ్ మీదే అంటించండి, బ్రిడ్జ్‌కి వార్నిష్ ఉండదు, పాడైనా మార్చుకోగలిగింది అదే.